పుట్టింటి చీర, పైవంతెన బస్సు

మా అక్క పోయిందని పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "పొద్దుగూకే లోపు ఎత్తాలి. నువ్వు చీర తెస్తేనే గదా సాగనంపేది" అన్నాడు. ముత్తయిదువ పోతే పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పాలి, మా వైపు అదే ఆనవాయితీ. మాచర్లలో తెలిసినాయన చేత దుకాణం తెరిపించి పసుపుపచ్చ నేతచీర తీసుకుని, నేనూ మా ఆవిడా పదకొండింటికి నరసరావుపేట బస్సెక్కాం. అక్క ఇంటి దగ్గరున్న రేకులషెడ్డు స్టాపుకి అడిగితే కండక్టరు మారుమాట లేకుండా టికెట్ కొట్టాడు. ఆధార్ చూపితే మా ఆవిడకి ఉచితం.

పిడుగురాళ్ల దాటాం. పేట దగ్గరపడేకొద్దీ మిరపచేలు పోయి ప్లాట్లకి పాతిన రంగు హద్దురాళ్లు, కమాన్లు, వెంచర్ల ఫ్లెక్సీలు మొదలయ్యాయి. "ఏంది చూస్తన్నావు? పొలాలమ్మి అందరూ కార్లు కొన్నారు. తిరగటానికి రోడ్డే లేదు" అన్నాడు పక్కసీటు పెద్దాయన. మా అక్క కూడా బైపాసు పక్కనే ఇల్లని మురిసిపోయి అలాంటి వెంచరులోనే కట్టుకుంది.

మూడింటికి బస్సు ఫ్లైఓవర్ ఎక్కేసింది. ఆపమని అరిచాను.

"ఆ స్టాపు కిందుంది బాబాయ్. మిషన్లో పేరుంది గానీ బస్సులన్నీ పైనుంచే పోతన్నయ్" అన్నాడు కండక్టరు. కింద అక్క ఇంటి ముందు షామియానా కనిపిస్తోంది. కుర్చీల్లో జనం కూడా. మా ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది.

రెండు మైళ్లు దాటాక దించారు. నడిచిపోదామంటే మా ఆవిడకి మోకాళ్ల నొప్పి. "కూచో అన్నా, పావుగంటలో దింపుతా" అన్నాడు అక్కడున్న ఆటోడ్రైవరు మస్తాను. నమ్మాం. సర్వీసురోడ్డులో పెళ్లి కార్లు, కాలేజీ బస్సులు, ఎదురొచ్చిన టిప్పర్లు ఒకదాన్నొకటి కరుచుకున్నట్టు నిలబడ్డాయి. బావ ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇంటి పక్కనే ఉన్నాం" అన్నాను. అబద్ధం కాదు. ఆటో దిగి నడిస్తే ఇంటికీ మాకూ మధ్యలో ఇనుపకంచె. దాని చివరిదాకా వెళ్లి అవతలివైపు నుంచి ఇంటికొచ్చేసరికి చీకటి పడింది.

వాకిలి కడిగేశారు. "పొద్దు వాలిందాకా చూశాం అబ్బాయ్, ఇంక ఆగలేకపోయాం. నా కొత్తచీరే కప్పా" అంది పక్కింటి పిన్ని. అక్క ముఖం కూడా చూడలేకపోయాను. పిన్నికి మొక్కాలో, పిన్నిని తిట్టాలో తెలియక చీరసంచితో అక్కడే కూలబడ్డాను.

మూడోనాటి చిన్నదినం అయ్యాక తిరుగు బస్సెక్కాం. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట: రేకులషెడ్డుకు టికెట్ ఇస్తారు, బస్సు మాత్రం ఆగదు. చావుబతుకుల పనైతే ముందురోజే బయల్దేరండి. చావు ముందురోజు చెప్పి వస్తుందా అంటారా, ఆ సంగతి ఈ రోడ్లు వేసినవాళ్లనే అడగాలి.

"పోయిన మనిషి కోసం కొన్న చీర ఇంట్లోకెట్టా తెస్తావయ్యా?" అంది మా ఆవిడ. బస్సు ఫ్లైఓవర్ ఎక్కింది. కింద అక్క ఇల్లు, షామియానా గుంజల గుంటలు కనిపించాయి. సంచి ఒళ్లో పెట్టుకున్నాను. ఈసారి ఆపమని అరవలేదు.