జాకెట్టులో నేను వదలని గుడ్డ

2022, మాఘమాసం. పెళ్లి ముహూర్తాలు వరసగా ఉన్నాయి. నంద్యాలలో బస్టాండుకు పోయే దారిలో ఒక సందులో నా టైలరింగ్ షాపు. రెండు మిషన్లు, ఒక కటింగ్ టేబులు, లోపలి గదిలో ఒక మగ్గం. ముప్పై ఏండ్లుగా నేను ఆడవాళ్ల జాకెట్లే కుడతాండా. చుడీదార్లు ముట్టుకోను. ఎవరైనా తెస్తే పక్క షాపు చూపిస్తా. ఈ ఒక్క పనిలో నాకు పొగరు ఉండాది, దాచేదేముంది? ఆ పొగరు ఎట్లా దిగిందో ఇప్పుడు చెప్తా. పేర్లు మాత్రం మార్చినా.

ముందు మార్జిన్ సంగతి చెప్పాల. జాకెట్టు పక్క కుట్ల లోపల రెండు వేళ్ల వెడల్పున గుడ్డ మిగిలిస్తాం. పైకి కనపడదు. ఆడమనిషి ఒళ్లు ఎప్పుడూ ఒక్క తీరున ఉండదు. ఒళ్లు వచ్చినప్పుడు పక్క కుట్టు విప్పి, లోపలి గుడ్డ బయటికి వదిలితే, అదే జాకెట్టు ఇంకో పదేండ్లు పడతాది. పెళ్లి జాకెట్టుకైతే నేను మూడు వేళ్లు వదుల్తా. పట్టుచీరతో వచ్చిన గుడ్డ అయిపోతే, ఆ రంగు, ఆ నేత మళ్లీ యాడా దొరకవు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకూ మొదటి రోజు చెప్పే మాట ఇదే.

ఆ మాఘంలో ఒక పొద్దు రేణుక వచ్చింది. ఆళ్లగడ్డ పిల్ల, ముప్పై దగ్గర పడుతుంటాయి, సన్నంగా ఉండేది. అక్కడ ఒక మెడికల్ షాపులో పని చేస్తాంది. చేతిలో చిలకపచ్చ పట్టుచీర, దానికి కుంకుమ రంగు జాకెట్టు గుడ్డ. పెండ్లికొడుకు ఎవరో చెప్పేసరికి మిషన్ల మీద ఉన్న పిల్లలిద్దరూ కుట్టడం ఆపినారు. రోజూ సాయంత్రం టీవీ సీరియల్లో కనపడే హీరో. టీవీలో ఆయనకు వేరే పేరు. ఆళ్లగడ్డలో మాత్రం ఆయన ఓబులేసే.

పిల్లలను బయటికి పంపి, పరదా వేసి, కొలతలు తీస్తాంటి. టేపు ఒంటి మీద పెట్టినప్పుడు ఆడవాళ్లు అమ్మకు చెప్పనివి కూడా చెప్తారు. అందుకే మా పనిలో పరదా లోపలి మాట పరదా లోపలే ఉండాల.

"నీకు ఎడమ భుజం కొంచెం కిందికి ఉండాదమ్మా," అన్నా.

"మందుల పెట్టెలు ఆ పక్కనే మోస్తానక్కా."

"ఏమైనా అదృష్టవంతురాలివి. ఎట్లా కుదిరింది ఈ సంబంధం?"

"కుదరలేదక్కా. మేమిద్దరమే మాట్లాడుకుంటిమి," అనింది. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. అంతా చెప్పేసింది. ఓబులేసు తల్లికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఆమె ఆళ్లగడ్డ ఇడిసి ఆయన ఉండే హైదరాబాదుకు రానంటాది. మందులు ఇచ్చే దానికి రేణుక ఆ ఇంటికి పోయేది. ఈ లోపల ఆయన్ను ఎవరో నటితో కలిపి ఫోన్లలో పిచ్చి వీడియోలు. పెళ్లి చేసుకుంటే గానీ ఆ గోల ఆగదని సీరియల్ వాళ్లు పట్టుబట్టినారు. ఇక్కడ రేణుకను పెండ్లాం చచ్చిపోయిన మేనమామకు కట్టబెట్టాలని ఇంట్లో వాళ్లు కూర్చున్నారు.

"నాకు మామ తప్పాల, ఆయనకు ఆ గోల తప్పాల, వాళ్లమ్మకు మనిషి కావాల. రెండేండ్లు. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. ఒకరి మీద ఒకరు ఏమీ అనుకోకుండా విడిపోతాం," అనింది. చెప్పేటప్పుడు నా మొగం చూడలేదు, గోడ కేసి చూస్తాంది.

నేను పైకి "దేవుడు చల్లగా చూడాల" అన్నా. లోపల మాత్రం నవ్వుకుంటి. రెండేండ్ల వేషానికి ఇంత చీర, జాకెట్టుకు ఇంత మగ్గం వర్కా అనుకుంటి. ఆ చీరను ఓబులేసు తల్లి మంచంలోనే ఉండి, కదిలే ఎడమ చెయ్యి చాపి ఏరిందని రేణుక చెప్పింది. ఆ మాట కూడా నా చెవికి ఎక్కలేదు.

ఆ జాకెట్టు చేతుల మీద చిలకలతో మగ్గం వర్కు చేయాల. మగ్గం వర్కు అంటే గుడ్డను నాలుగు కట్టెల చట్రానికి బిగించి, జరీ, పూసలు సూదితో కుట్టే పని. నేను గుడ్డ మీద జాకెట్టు ఆకారం గీసి ఇస్తా. లోపలి గదిలో షమీమ్ దాని మీద పని చేస్తాది. అది అయినాక కత్తిరించి కుట్టేది నేను. షమీమ్ నాతో పదహైదేండ్లుగా ఉంది. మాట తక్కువ, చెయ్యి గట్టి.

గీసేటప్పుడు నాకు ఆశ పుట్టింది. గుడ్డ కొలిచినట్టు వచ్చింది. మూడు వేళ్ల మార్జిన్ వదిలితే చివర ఏమీ మిగలదు. మార్జిన్ తీసేసి గీతలు దగ్గర దగ్గరగా గీస్తే, ఒక పక్క జానెడు గుడ్డ మిగుల్తాది. ఆ జానెడు గుడ్డ మీద కూడా రెండు చిలకలు కుట్టించి, అద్దం బిగించి గోడకు తగిలిస్తే? హీరో పెండ్లాం జాకెట్టు ముక్క అంటే నంద్యాలలో ఎవరు చూడకుండా పోతారు?

షమీమ్ గుడ్డ చూసిన వెంటనే పట్టేసింది.

"అక్కా, మార్జిన్ యాడ?"

"రెండేండ్ల కాపురానికి మార్జిన్ ఎందుకులే. ఆ తర్వాత దీన్ని వేసుకునేదుందా, పెట్టేదుందా?" అన్నా.

పరదా లోపల విన్న మాటను ఆ ఒక్క ముక్కతో బయట పెట్టేసినా. షమీమ్ నా మొగం ఒకసారి చూసి, సూది తీసుకుని మగ్గం ముందు కూర్చునింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆమె కాబట్టి సరిపోయింది.

భుజం సంగతి కూడా చెప్పాల. ఎడమ భుజం కింద ఉంటే ఆ పక్క కటింగు మార్చాల. అరగంట పని. చేతిలో ముప్పై జాకెట్లు ఉండాయని దాన్నీ మార్చలేదు. రెండు భుజాలూ ఒక్క తీరుగానే కోసినా. పెళ్లి ఫొటోల్లో జాకెట్టు బ్రహ్మాండంగా కనపడింది. జానెడు ముక్కకు ఫ్రేము కట్టించి, కింద "సెలబ్రిటీ పెళ్లికూతురు వర్క్" అని పేపరు మీద రాయించి అంటిస్తి. వచ్చిన ప్రతి ఆడమనిషీ దాని ముందు నిలబడేది. నేను ప్రతిసారీ ఆ పెళ్లి కథ చెప్పేదాన్ని. రెండేండ్ల మాట ఒక్కటి దాచిపెట్టి, నేను చాలా గుట్టు గల మనిషినని నాకు నేనే అనుకునేదాన్ని.

2024 సంక్రాంతి పోయినాక ఒక మధ్యాహ్నం ఇద్దరూ వచ్చినారు. ఆయన టోపీ, మాస్కు పెట్టుకుని మూలనున్న స్టూలు మీద కూర్చున్నాడు. రేణుకను నేను గుర్తు పట్టలేదు. మొగం నిండింది, చేతులు నిండినాయి.

"ఒళ్లు వచ్చిందే," అన్నా.

"మా అత్త పుణ్యమక్కా. ఆమెకు నేను ముద్ద పెడితే, నన్ను రెండు ముద్దలు తినమంటాది. నేను తినకుంటే నోరు తెరవదు."

ఓబులేసు మాస్కు లోపల నవ్వినాడు. సంచిలో నుంచి పాత పంచెలో చుట్టిన జాకెట్టు తీసి నా టేబుల్ మీద పెట్టినాడు.

"కొంచెం వదులు చేయాలక్కా. ఇంకొకటి, ఎడమ భుజం జారుతాది దీనికి. పెళ్లి పొద్దంతా సర్దుకుంటానే ఉండింది," అన్నాడు.

నాకు చురుక్కుమనింది. నేను టేపు పెట్టి చూసి కూడా వదిలేసిన దాన్ని, ఆ మనిషి దూరం నుంచి చూసి గుర్తు పెట్టుకున్నాడు.

"వచ్చే నెలకు రెండేండ్లు కదా?" అని నోరు జారింది నాకు. విడిపోయే ముందు ఎందుకొచ్చినారా అని నా అనుమానం.

రేణుకకు కోపం రాలేదు. "అవునక్కా, ఆ రోజుకే ఇది కావాల. దిగువ అహోబిలంలో మళ్లీ తాళి కట్టించుకుంటాండా. అప్పుడు కట్టింది ఊరి కోసం. ఆ ఒప్పందం ఆ పొద్దుతో అయిపోతాది. ఈసారి ఎవరినీ పిలవడం లేదు. ఆయన, నేను, మా అత్త. కార్లో కూర్చోబెట్టి తీసుకపోతాం."

"కొత్త చీర తీస్తానంటే వద్దనిందక్కా," అన్నాడాయన.

"అప్పుడు ఆ చీరను ఫొటోల కోసం కట్టుకుంటి. ఒకసారన్నా నా కోసం కట్టుకోవాలని ఉండాది. అదే చీర, అదే జాకెట్టు. నువ్వు వదుల్తావని ధైర్యంగా వస్తి."

నేను జాకెట్టు తిరగేయకుండా చేతిలో పట్టుకుని నిలబడితి. తిరగేస్తే ఏం కనపడతాదో నాకు తెలుసు. చివరికి రేణుకే తీసుకుని తిరగేసింది. పక్క కుట్టు దగ్గర అర వేలు గుడ్డ కూడా లేదు.

"గుడ్డ చాలలేదమ్మా అప్పుడు," అన్నా. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

"అవునా? మా అత్త ఏరిన చీరలో గుడ్డ తక్కువ ఇచ్చినారేమో. పాపం ఆమెకేం తెలుసు," అనింది రేణుక. కళ్లలో నీళ్లు తిరిగినాయి. అప్పుడన్నా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. మంచంలో ఉండే ఆ తల్లి మీద నా తప్పు పడతాంటే వింటా నిలబడితి. అది తలుచుకుంటే ఈ పొద్దుకీ నా మీద నాకే అసహ్యం పుడతాది.

ఓబులేసు లేచి గోడ దగ్గరికి పోయినాడు. ఫ్రేములో చిలకలను చూసినాడు. టేబుల్ మీది జాకెట్టు చేతుల మీద చిలకలను చూసినాడు. కింద అంటించిన పేపరు చదివినాడు. మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. రేణుక కూడా అటు తిరిగింది. లోపలి గదిలో షమీమ్ సూది ఆగిపోయింది.

"గుడ్డ చాలిందమ్మా," అన్నా. "నేనే మార్జిన్ తీసేసి, ఆ ముక్క చేయించుకుంటి. రెండేండ్ల పెళ్లికి ఇదెందుకులే అనుకుంటి. నీ భుజం సంగతి తెలిసి కూడా వదిలేస్తి. నువ్వు చెప్పిన మాట షమీమ్ దగ్గర అనేస్తి. తప్పంతా నాదే."

తిడతాదేమో అనుకుంటి. తిట్టింటే నాకు కొంచెం ఊపిరి ఆడేది. రేణుక జాకెట్టును మళ్లీ మంచి వైపుకు తిప్పి, నిదానంగా మడత పెడతా అనింది.

"రెండేండ్లని నేనే చెప్పినా కదక్కా. నువ్వు నమ్మింది తప్పు కాదు. కానీ ఒక మాట అడిగింటే బాగుండు. లోపల గుడ్డ వదలాల్నా వద్దా అని."

"అడిగింటే ఏమనేదానివమ్మా?"

"వదలమనేదాన్ని."

ఓబులేసు తలెత్తినాడు. "అప్పుడేనా?" అన్నాడు.

"అప్పుడే. మీ అమ్మకు నువ్వు మూతి తుడుస్తా కూర్చున్నావు చూడు, ఆ రోజు నుంచే. నీతో ఎట్లా చెప్పేది? ఒప్పుకునేటప్పుడే రెండేండ్లని గీత గీసుకుంటిమి కదా," అనింది. ఇంత దాకా ఆ మాట ఆయనకు కూడా చెప్పినట్టు లేదు. ఆయన వచ్చి ఆమె పక్కన నిలబడి, టేబుల్ మీదున్న ఆమె చేతి మీద చెయ్యి పెట్టినాడు. సీరియల్లో హీరోయిన్‌తో ఆయన చేసే తీరు మాదిరి లేదు. పెట్టిన చెయ్యి అట్లే ఉండిపోయింది.

నేను వాళ్ల ముందరే ఫ్రేము దించి, అద్దం ఊడదీసి, ముక్క బయటికి తీసినా. పేపరు చించేసినా. షమీమ్ లోపల్నుంచి వచ్చి, జాకెట్టు పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆ ముక్కను నిలువునా రెండుగా కోసి చంకల కింద రెండు పక్కలా అతికిస్తే సరిపోతాది. కోసేటప్పుడు కత్తెర చిలకల మీదుగానే పోయింది. ఇంకో దారి లేదు. ఎడమ భుజం మొత్తం విప్పి కొత్తగా కుట్టినా. ఒక్క జాకెట్టుకు మూడు రోజులు పట్టింది. నా జన్మలో ఏ జాకెట్టుకూ అన్ని రోజులు పట్టలేదు.

మరుసటి నెల అహోబిలం నుంచి రేణుక ఒక ఫొటో పంపింది. చక్రాల కుర్చీలో అత్త, పక్కన వీళ్లిద్దరూ. ఎవరూ కెమెరా చూడలేదు, అత్త ఏదో అంటాంటే ఇద్దరూ వంగి వింటాండారు. భుజం జారలేదు. చంక కింద సగం చిలక కొంచెం కనపడతాంది. నా కంటికి మాత్రం అదొక్కటే కనపడింది. కింద రేణుక ఒకే మాట రాసింది: "సరిపోయిందక్కా."

కొలతలు తీసే పని ముప్పై ఏండ్లు చేస్తే మనుషులే తెలిసిపోయినారనుకుంటి. ఒక ఆడమనిషి ఒప్పందమని చెప్పిన మాట విని, ఆమె కాపురం ఎన్నేండ్లో కూడా నేనే కత్తెరతో తేల్చేస్తి. టైలరు పని ఒళ్లు కొలవడం వరకే. రేపు ఆ జాకెట్టు వేసుకుంటాదా లేదా అనేది ఆ మనిషి చెప్పాల.

ఇప్పుడు గుడ్డ మీద గీత గీసే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతా. రెండో పెళ్లి వాళ్లను, ఇష్టం లేని సంబంధమని ఏడ్చేవాళ్లను, మూడు నెలల్లో తిరిగొస్తానేమో అని నవ్వేవాళ్లను కూడా అడుగుతా, "లోపల గుడ్డ వదలాల్నమ్మా, వద్దా?" అని. ఇంత వరకు వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు.