మొగిలి ఘాట్ ఎక్కని మిషన్

ఆ రోజుల్లో నాకు మొండితనానికీ పట్టుదలకీ తేడా తెలిసేది కాదు. (ఇప్పుడు తెలుసు. మనకుంటే పట్టుదల, ఎదుటివాడికుంటే మొండితనం.) చిత్తూరులో కొత్తగా ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం ఆఫీసు అవగానే బస్సెక్కకుండా, గేర్ల సైకిలు మీద మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరులో మా ఇల్లు చేరేవాణ్ణి. వీధంతా మెచ్చుకుంది కానీ మా అక్క మొగుడు మాత్రం ఒప్పుకోలేదు. తన పాల డిపోలో అందరి ముందరా, "లారీ ఎనక తాడు పట్టుకోని వచ్చింటావులే అబ్బా, ఎవురు సూసొచ్చినారు?" అని తేల్చేశాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

బెంగళూరులో ఉన్న స్నేహితుడి దగ్గర వాడేసిన జీపీఎస్ మిషన్ ఒకటి కొన్నాను. హ్యాండిల్ మీద బిగిస్తే ఎంత దూరం వచ్చామో, ఎంత ఎత్తు ఎక్కామో చెబుతుంది. బావ నోరు మూయించడానికి అంతకంటే గట్టి సాక్షి ఎవరు? ఆయుధపూజ అయిన మొదటి శనివారం రొప్పుతూ పాల డిపో ముందు దిగి, మిషన్ ఆయన చేతిలో పెట్టాను. దూరం సరిగ్గానే ఉంది. ఎక్కిన ఎత్తు మాత్రం సున్నా. బావ దాన్ని తీరిగ్గా చదివి, "పలమనేరు, సిత్తూరు ఒకే మట్టంలో ఉండాయంట. ఇన్నాళ్ళూ బస్సోళ్ళు ఊరికే గేర్లు మారస్తా ఉండారు" అన్నాడు.

నేను వదిలే రకం కాదు. బ్యాటరీలు మార్చాను. లోపలున్నదంతా చెరిపేసి మొదటినుంచీ పెట్టాను. చిత్తూరు ఎత్తు దానికి తెలియదేమోనని రైల్వే స్టేషన్‌కి పోయి, పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద రాసి ఉండే సముద్రమట్టం చూసి అదే ఎక్కించాను. (రైలెక్కని మనిషి బోర్డు ముందు నిలబడి మీటలు నొక్కుతుంటే పోర్టరు నా మీద ఒక కన్నేసి ఉంచాడు.) ఆ శనివారం మిషన్ పలమనేరుకి కూడా చిత్తూరు ఎత్తే చూపించింది. చివరికి స్నేహితుడికి ఫోన్ చేశాను. అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు లెక్కకడుతుందని, ఆ గాలి పోవడానికి వెనకవైపు చిన్న బెజ్జం ఉంటుందని, మూసుకుపోయిందేమో చూడమని చెప్పాడు. తిప్పి చూస్తే బెజ్జం కనబడలేదు. అది ఉండాల్సిన చోట ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ. అమ్మను అడిగాను.

"పూజ నాడు సైకిలుకి పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్లా? ముందర పెడితే నంబర్లు కనపడవు గదా నాయనా, అందుకే ఎనక్కి తిప్పి పెట్టినా" అంది.

అంత ఆలోచించి పెట్టిన బొట్టు మీద ఎవరికి కోపం వస్తుంది? సూదితో పొడిస్తే లోపల పాడవుతుందని స్నేహితుడు హెచ్చరించినందువల్ల, గోరువెచ్చని నీళ్ళతో తడిపి తడిపి మెల్లగా వదిలించాను. ఈసారి మిషన్‌తో పాటు నువ్వూ వెంట రమ్మని బావను సవాలు చేశాను. ఆయన చిత్తూరు వచ్చి, మోపెడ్ మీద నా వెనకే బయలుదేరాడు. సగం ఘాట్‌లో మోపెడ్ ఆగిపోయింది. ఎంత తొక్కినా కదల్లేదు. నా చేత లారీ తాడు పట్టించిన మనిషిని అక్కడే వదిలేసి పోవాలనే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఉన్న ఒక్క సాక్షీ ఆయనే. ఆయన తోసుకుంటూ, నేను తొక్కుతూ, ఆయన కోసం ఆగుతూ పోతుంటే, ఒక లారీ డ్రైవరు ఆపి బండిని పైన వేసుకుంటానన్నాడు. బావ నా ముఖం చూసి, వద్దని తల ఊపాడు.

పైకి చేరాక రోడ్డు పక్కన కూలబడి, నీళ్ళు తాగి, మిషన్ అడిగాడు. ఎక్కిన ఎత్తంతా నిక్కచ్చిగా పడింది. ఆ అంకె మీద వేలు పెట్టి, "నేను తోసింది గూడా దీంట్లో పడిందా అబ్బా?" అన్నాడు.

"పడింది బావా" అన్నాను. ఆ సాయంత్రం పాల డిపోలో ఆ అంకె ఆయనదైపోయింది. నన్ను అడిగినవాడే లేడు. అయినా ఎందుకో నాకు సంతోషంగానే ఉంది.

ఇప్పుడా ఘాట్‌లో కారు నడుపుతుంటే, ఏ మలుపులోనైనా ఆనాటి నేను తల వంచుకుని తొక్కుతూ కనబడతానేమో అనిపిస్తుంది. కనబడితే ఆపి ఎక్కించుకోవాలని ఉంటుంది, పాపం, ఎండ కదా. కానీ ఎంత బతిమాలినా వాడు కారెక్కడు.