మల్బరీ కట్టెల నుంచి ఇంధనం తీసిన రెడ్డెమ్మ మేడమ్

రసాయనశాస్త్ర ఆచార్యురాలు, నా గురువు రెడ్డెమ్మ మేడమ్ పోయిన వారం మదనపల్లెలో నిద్రలోనే కన్నుమూశారు. కుప్పంలో నేను పాఠం చెబుతుండగా ఆ వార్త తెలిసింది. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే ఫోనులో, “కుప్పం పోయి లావైనావంట గదప్పా!” అని నన్ను ఆటపట్టించి పకపక నవ్విన మనిషి ఆవిడ.

కురబలకోట రైతు కుటుంబంలో పుట్టిన మేడమ్ తన జీవితాన్ని ఒకే సాధనకు అంకితం చేశారు. పట్టుపురుగులు ఆకు తిన్నాక మిగిలే మల్బరీ కట్టెలను గాలి తగలకుండా వేడిచేస్తే నల్లటి తైలం వస్తుంది. ఆమ్లగుణం వల్ల అది లోహాన్ని తినేస్తుంది. నిల్వ ఉంచితే చిక్కబడుతుంది. ఉత్ప్రేరకం, హైడ్రోజన్‌ల సాయంతో అందులోని ఆక్సిజన్‌ను తొలగించి, డీజిల్‌లాంటి ఇంధనంగా మార్చాలన్నదే ఆమె తపస్సు.

ఆ తైలపు పొగవాసన మేడమ్ చీరను వదిలేది కాదు. ఒకసారి బస్సులో పక్కనున్న ముసలమ్మ, “యాడమ్మా, హోటల్లో వంటపనా?” అని అడిగింది. “అవునమ్మా, ఇంగా వంట కుదర్లా” అన్నారు మేడమ్. దిగేదాకా ఇద్దరూ కబుర్లే.

తొలి పరీక్షకు పుంగనూరు దగ్గరి టమాటా రైతు కిష్టప్ప తన నీళ్ల ఇంజన్ ఇచ్చాడు. అప్పటికి ఆమె విద్యార్థులమైన మేం మా తైలాన్ని డీజిల్‌లో కలిపి పోశాం. ఇంజన్ కాసేపు దగ్గి ఆగిపోయింది. లోపలంతా జిగురు. ఎండలో మొక్కలు వాడిపోతున్నాయి. చూడవచ్చిన జనం నవ్వుతున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మేడమ్ కొంగు బిగించి, “కిష్టప్పన్నా, తప్పు నాది. నీ మొక్కలకు నీళ్లు పారేదాకా ఈడి నుంచి కదల్ను” అన్నారు. మెకానిక్ పక్కన కూర్చుని, భాగాలన్నీ విప్పి కడిగారు. పొద్దు వాలకముందే ఇంజన్ మళ్లీ డీజిల్‌తో తిరిగింది.

ప్రయోగశాలకు తిరిగొచ్చాక, ఆక్సిజన్‌ తీసేటప్పుడు వేడి పెంచమని అందరూ సలహా ఇచ్చారు. “చంటిబిడ్డకు పొగలుగక్కే అన్నం పెడతామా? ముందు దాన్ని నెమ్మదిపడనీయండి” అన్నారామె. ఒక్కసారిగా వేడి తగిలితే తైలం ముద్దకట్టి, ఉత్ప్రేరకాన్ని మసితో కప్పేస్తోందని గ్రహించారు. మొదట తక్కువ వేడిమీద స్థిరపరిచి, తర్వాత ఎక్కువ వేడికి పంపారు. ఎన్నో విఫలయత్నాల తర్వాత ఒక ఉదయం, గాజుపాత్రలో నీటిమీద తేటగా తేలుతూ ఇంధనం కనిపించింది. “సూడండప్పా! ఆక్సిజన్ నీళ్లయి అడుక్కు దిగిపోయింది!” అంటూ నడవలో పోయేవాళ్లందరినీ లాక్కొచ్చి చూపించారు.

మళ్లీ కిష్టప్ప దగ్గరికే వెళ్లాం. ఈసారి ఇంజన్ ఆగలేదు. సాళ్లలోకి నీళ్లు పరుగెత్తాయి. మేడమ్ చెప్పులు విడిచి కాలువలోకి దిగి, మా అందరిమీదా నీళ్లు చల్లారు.

అంత్యక్రియలకు వచ్చిన కిష్టప్ప, “ఇంజన్ సెడగొట్టి, తానే బాగుజేసి, మళ్లా అదే ఇంజన్ అడిగిన మనిషిని నేను యాడా సూడ్లేదు” అన్నాడు. ఏడుస్తున్నవాళ్లంతా నవ్వేశారు.

ఆమె పని ఇంకా పూర్తికాలేదు. ఉత్ప్రేరకం ఇప్పటికీ తొందరగా మసిబారుతోంది. మొన్న మదనపల్లెలోని మేడమ్ ప్రయోగశాలకు వెళ్లేసరికి ఉత్ప్రేరకం నింపిన గొట్టం మసితో పూడుకుపోయి ఉంది. విద్యార్థులు దిగాలుగా నావైపు చూశారు. ఇలాంటప్పుడు మేడమ్ ముందు నవ్వేవారు. నేనూ నవ్వబోయాను; ఆ నవ్వు నాకు రాలేదు. అంతటి ధైర్యాన్ని అంత తేలిగ్గా పంచగలిగిన మనిషి మాకు మళ్లీ దొరకరు. ఆ మహనీయురాలికి మనసులోనే పాదాభివందనం చేసి, గొట్టం విప్పడానికి స్పానర్ అందుకున్నాను.