ముడత రాని మిరప

నిన్న అనంతపురంలో విత్తనాల కొట్టాయన మిరప ప్యాకెట్టు నా చేతిలో పెట్టి, "దీనికి ముడత తెగులు రాదన్నా, కండ్లు మూసుకొని ఏసుకో" అన్నాడు. ఒళ్ళు మండింది. పాపం, ఆయనకేం తెలుసు. ప్యాకెట్టు అక్కడే పెట్టి వచ్చేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా అక్క గార్లదిన్నె దగ్గర ఒక విత్తనాల కంపెనీ తోటలో కొత్త మిరప రకాలు తయారు చేసేది. విరగకాసే మిరపను తెగులుకు లొంగని చిన్నకాయ మిరపతో కలిపి, రెండు గుణాలూ వచ్చిన మొక్కల్ని ఏటికేడు ఏరుకుంటూ వచ్చింది. ఏరాలంటే తోటలో తెగులు ఉండాలి. అందుకే సాళ్ల మధ్య జబ్బు మొక్కల్ని తానే నాటించేది. లోకమంతా పచ్చటి తోట చూసి మురిస్తే, ఈమె ముడుచుకున్న ఆకుల్ని చూసి మురిసేది. "రోగిష్టి తోటకు జీతం గూడా ఇస్తారా?" అని అమ్మ నవ్వేది.

ఒక ఏడు అక్క జ్వరంతో పడుకున్న వారంలోనే హైదరాబాదు నుంచి కంపెనీ పెద్దలు వచ్చారు. వాళ్ల కంటికి ఇంపుగా ఉండాలని మేనేజరు, తెగులు పాకకముందే జబ్బు మొక్కలన్నీ పీకించి, మిగతావాటికి మందు కొట్టించాడు. తర్వాత అక్కను నేనే స్కూటరు మీద తీసుకెళ్ళాను. తోటంతా ఒకటే పచ్చన. అక్క గట్టు మీదే నిలబడిపోయింది.

"తెగులే లేకుండా చేస్తిరి సార్. ఇంక ఏ చెట్టు తట్టుకునిందని చెప్పల్ల?"

"అన్నీ పచ్చగానే ఉండాయి గదమ్మా. వచ్చినోళ్లు మెచ్చుకొని పోయినారు. ముడత రాని రకమని దీన్నే అమ్ముతారంట" అన్నాడాయన టీ తాగుతూ.

అక్క హైదరాబాదు దాకా వెళ్ళి వద్దని చెప్పింది. ఎవరూ వినలేదు. ఉద్యోగం మానేసింది. విత్తనం అంగళ్లకు వచ్చింది. మా చిన్నాయన బోరు కింద ఉన్న చేనంతా అదే నాటాడు. పూతకు రాకముందే ముడుచుకుపోయింది.

"నువ్వు వద్దన్నా, నీ చేతి విత్తనమే గదా అని ఏసినానమ్మా" అన్నాడు, మా గడపలో నిలబడి.

అక్క ఆయనతోపాటు చేనికి వెళ్ళి, సాలు సాలూ తిరిగి, ఆ తెగులు మధ్య పచ్చగా నిలిచిన నాలుగైదు మొక్కలకు చీర అంచు చింపి గుర్తు కట్టింది. వాటి గింజలతో మా చేలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. జుట్టు నెరిసేనాటికి ఒక మంచి రకం చేతికొచ్చింది. ఇప్పుడు చిన్నాయన కొడుకులు వేస్తున్నారు. ఆ మేనేజరు మాత్రం పెద్ద పదవిలో రిటైరై, దండలతో ఇంటికి వెళ్ళాడు.

ఏళ్ళు గడిచాయి, ఇంకా ఆ కోపమెందుకని ఇంట్లోవాళ్లు నన్ను అడుగుతారు. అతను మా అక్క నుంచి లాక్కున్నది ఆ ఏళ్ళనే.