మంచుకట్ట తెగాలా, ఆగాలా

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. చదువుకున్నవాళ్ళు నా రాత చూసి నవ్వుతారేమో. అయినా ఆ మూడు రోజులూ ఎవరికైనా చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో మేం అలాస్కాలో ఒక పెద్ద ఏటి ఒడ్డున ఉండేవాళ్ళం. రోడ్డు లేని ఊరు. చలికాలం గడ్డకట్టిన ఏటి మీదే తిరుగుతారు, ఎండాకాలం పడవల్లో తిరుగుతారు. మంచు విరిగే రోజుల్లో మాత్రం చిన్న విమానం ఒక్కటే దారి. మా బావ అక్కడ ఆస్పత్రిలో డాక్టరు. మేనరికం కాబట్టి నన్ను చేసుకున్నాడు గానీ, లేకపోతే నాకూ అలాస్కాకీ ఏం సంబంధం?

మే నెలలో ఒకరోజు, దిగువ ఊళ్ళో ఎవరికో కాన్పు కష్టమైందని రేడియోలో కబురొచ్చింది. ఆ ఊరు సముద్రానికి దగ్గర, బాగా పల్లం. బావ సంచీ సర్దుకుంటూ, "రేపొచ్చేస్తానే. బియ్యం బస్తా మాత్రం పైన పెట్టు" అన్నాడు.

"ఒక్క మబ్బు కూడా లేదు. వరదేంటి బావా?"

"ఇది నీ గోదారి కాదే తల్లీ" అని నవ్వుతూ విమానం ఎక్కాడు.

నాకు తెలిసిన వరద ఎగువనుంచి వస్తుంది. వానలు పడాలి, ఎర్రనీళ్ళు రావాలి. అందుకే మర్నాడు పొద్దున్న ఎగువ వైపే చూస్తూ కూచున్నాను. నీళ్ళు దిగువనుంచి వచ్చాయి. కింద ఏరు వంపు తిరిగే చోట మంచుగడ్డలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కట్ట కట్టేశాయి. పోయే దారి లేక నీళ్ళు వెనక్కి తన్నాయి. ఎండ కాస్తూనే ఉంది, మా పెరటి మెట్లు మునిగిపోతున్నాయి.

పక్కింటి ముసలమ్మ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టి లాగింది. "అటు చూస్తావేంటి పిల్లా, నీళ్ళు నీ వెనకున్నాయి!"

అందరం మెరక మీదున్న బడికి చేరాం. కంగారులో నేను తెచ్చుకున్నది దేవుడి గూట్లోని పసుపు కుంకుమల భరిణె. వరదొస్తే మా వైపు ఆడవాళ్ళు గోదారమ్మకి పసుపు కుంకుమ ఇచ్చి శాంతించమని మొక్కుతారు.

"ఇవాళ సముద్రం పోటు పెద్దది. పోటుకి గడ్డలు లేస్తాయి, నీళ్ళు వెనక్కి తీసే పాటుకి కట్ట తెగుతుంది. తెగితే మన ఇళ్ళు దక్కినట్టే" అన్నాడొకాయన.

"తెగితే ఆ నీళ్ళెక్కడికి పోతాయి?" అని వచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

ముసలమ్మ గడ్డంతో దిగువ వైపు చూపించింది. బావ వెళ్ళిన ఊరిని రేడియోలో పిలుస్తూనే ఉన్నారు. గరగర తప్ప పలుకు లేదు.

భరిణె పట్టుకుని నీళ్ళ దగ్గరికి దిగాను. ముసలమ్మ వెనకే వచ్చింది.

"ఏంటది?"

"పసుపు. నదికిస్తాం."

"ఇస్తే వింటుందా?"

"మా నది వింటుందంటారు."

"అయితే త్వరగా పొమ్మని చెప్పు, నా చేపల పాక మునిగిపోతోంది. ఇన్నేళ్ళలో మా మాట వినలేదు, కొత్తదానివి, నీ మాటైనా వింటుందేమో."

మూత తీశాను. తెగిపో తల్లీ అంటే నా బావ మీద పడుతుంది. ఆగు తల్లీ అంటే ఈవిడ ఇల్లు, ఆ బడిలో ఉన్నవాళ్ళందరి ఇళ్ళూ పోతాయి. ఏమీ అడక్కుండా చిటికెడు పసుపూ చిటికెడు కుంకుమా వేసి వచ్చేశాను.

సాయంత్రం పిడుగులు పడ్డట్టు చప్పుడైంది. కట్ట తెగింది. బడిలో అందరూ కేకలేసి చప్పట్లు కొట్టారు. నీళ్ళు మా మెట్లు దిగి పోతుంటే నేను గోడకి జారగిలబడ్డాను. ముసలమ్మ చప్పట్లు ఆపేసి నా పక్కన కూచుంది.

మర్నాడు మధ్యాహ్నం రేడియో పలికింది. బావ గొంతు, తెలుగులో. "ఏమే, ఉన్నానే. తల్లీబిడ్డా బాగున్నారు. మనుషులందరం మిగిలాం. ఊరే లేదే. ఒక్క ఇల్లు లేదు." ఆపైన మళ్ళీ గరగర.

అందరూ నా చుట్టూ మూగారు. అందరికీ ఆ ఊళ్ళో చుట్టాలున్నారు. "ఏమన్నాడు, ఏమన్నాడు?" అంటోంది ముసలమ్మ.

"అందరూ బాగున్నారు. బిడ్డ పుట్టింది" అన్నాను. మళ్ళీ చప్పట్లు మోగాయి. మిగతా సగం చెప్పడానికి ఇంగ్లీషు రాక కాదు. వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పలేకపోయాను.

ఇంతకంటే బాగా రాయడం నాకు చేతకాదు. అక్షరాలు ఎక్కడ తప్పినా మీ ఇంట్లో మనిషే రాసిందనుకుని మన్నించండి.