ఒక్కదాన్నే వెళ్లడం నేర్చుకున్న ఎండాకాలం

నల్లగొండ దవాఖాన వెనక నర్సుల క్వార్టర్లలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆమె నాకంటే కొంచెం పెద్ద. కేతేపల్లిలో సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. నేను కోస్గి వైపు గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టాను. హైదరాబాదులో నర్సు చదువు చదివేటప్పుడు హాస్టలులో ఆమె మంచం పక్కనే నా మంచం వేశారు. ఆ మొదటి రోజు నుంచీ ఆమెను అక్కా అనే పిలిచాను. ఉద్యోగాలు నల్లగొండలో వచ్చాక కూడా అక్క ఏ గది తీసుకుంటే అదే నా గది, అక్క ఏ బస్సు ఎక్కితే అదే నా బస్సు.

అరవైల మొదట్లో ఒకనాడు మా మేట్రనమ్మ అందరినీ పిలిచి, ఇంగ్లండు ఆసుపత్రుల్లో నర్సులు కావాలట, అక్కడే పైచదువు కూడా చెప్తారట, పోయేవాళ్లు పేర్లివ్వండి అన్నది. అక్క అప్పుడే పేరిచ్చింది. ఆమె ఇచ్చింది కాబట్టి నేనూ ఇచ్చాను. ఇంగ్లండు చూడాలని కాదు, ఆ గదిలో నేనొక్కదాన్నే మిగిలిపోతానని. ఇద్దరికీ రమ్మని కబురొచ్చింది. ఇద్దరికీ ఒకే ఆసుపత్రి.

ఆ చలికాలమంతా మాకు అదే పని. ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు కోసం ఫోటో దిగితే, చెవి కనబడలేదని నాది మళ్లీ తీయించారు. మశూచి టీకా అక్క నాకు వేసింది, నేను అక్కకు వేశాను. ఇద్దరికీ చేతులు వాచి, జ్వరమొచ్చి, ఒకరి పక్కన ఒకరం మూలుగుతూ పడుకున్నాం. ఇంగ్లీషు అలవాటు కావాలని అన్నం తినేటప్పుడు తెలుగు మాట్లాడొద్దని అక్క కట్టడి చేసింది. కూర బాగుంది, నీళ్లు చల్లగా ఉన్నాయి అన్నాక మాకు మాటలు దొరికేవి కావు. ఒక పూట ముళ్ల చెంచాతో జొన్నరొట్టె తినబోయి, అది తెగక, కంచం కింద పడేసి పొట్టలు పట్టుకుని నవ్వాం.

అప్పుడే ఒక పొద్దున మా బాపు భుజాన గొంగడి వేసుకుని దవాఖానకు వచ్చాడు. నన్ను వరండాలో పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఏం చేసినవ్ బిడ్డా? పోలీసాయన ఇంటికొచ్చిండు. నీ నడవడి ఎట్లుంటదని ఊరంత అడిగిండు," అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపు అక్క వచ్చింది. "అది మంచికే బాపూ. దేశం దాటేటోళ్ల గురించి గట్ల అడిగి తెలుసుకుంటరు. ఏం ఫికర్ చెయ్యకు."

"నన్నడిగితె నేనే చెప్తుంటి గద," అన్నాడు బాపు. తర్వాత అక్క వైపు చూసి, "నువ్వు ఉంటవ్ గద బిడ్డా దీనితోని?" అన్నాడు.

"ఉంట బాపూ," అన్నది అక్క. బాపు ఆ మాట పట్టుకుని పోయాడు.

హైదరాబాదు నుంచి ఒక పెద్ద తోలుపెట్టె తెచ్చుకున్నాం, ఇద్దరికీ కలిపి ఒకటే. రెండు పెట్టెలు మోయడమెందుకు, ఓడ దిగేదీ ఒక్కచోటే, ఉండేదీ ఒక్కచోటే అన్నది అక్క. మధ్యలో ఒక తువ్వాల పరిచి హద్దు పెట్టింది. కుడి పక్క నావి, ఎడమ పక్క తనవి. మధ్యాహ్నాలు తను అల్లిన ఉన్ని స్వెటర్లు రెండూ, లోపల వేసుకునే పొడుగుచేతుల జాకెట్లూ అందులో ఒక్కొక్కటిగా చేరాయి.

ఆఖరున మిగిలింది ఛాతీ ఎక్స్‌రే. అది లేకపోతే అక్కడికి రానివ్వరు. ఇద్దరం హైదరాబాదు పోయి తీయించుకున్నాం. ఫిల్ములు మా చేతికే ఇచ్చి, డాక్టరు వచ్చేదాకా కూర్చోమన్నారు. అక్క ముందు నాది కవరులోంచి తీసి కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. "నీది సాఫ్ ఉన్నది," అన్నది. తర్వాత తనది పెట్టింది. చాలాసేపు చేయి దించలేదు. నేను పక్కకు పోయి చూశాను. కుడివైపు, పైన, మసక. ఆ మసక ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. క్షయ వార్డులో ఎన్నోసార్లు చూసిందే.

"ఎవరిదో నీకిచ్చిన్రేమో అక్కా," అన్నాను.

"నాదే చెల్లె. నెల నుంచి దగ్గుతున్న. దుమ్ము అనుకున్న."

డాక్టరు వచ్చి చెప్పిందీ అదే. వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు తిరగకుండా కూర్చున్నది. నేను భుజం మీద చేయి వేస్తే తీసేసింది.

గదికి వచ్చాక అక్క మొదట చేసిన పని పెట్టె తెరవడం. తన చీరలు, జాకెట్లు, స్వెటరు, అన్నీ తీసి మంచం మీద పెట్టుకుంది. పెట్టెలో సగం బోసిపోయింది. అప్పుడు తువ్వాల తీసేసి, నా బట్టలు మడతలు విప్పి, వెడల్పుగా మళ్లీ మడిచి, పెట్టె అంతటా పరచసాగింది. ఎంత పరిచినా అవి సరిపోలేదు. నేను గోడకానుకుని నిలబడి చూస్తున్నాను.

"నేను పోను," అన్నాను.

అక్క మడత పెడుతూనే ఉంది. "నువ్వు పోకపోతె నా రోగం తక్కువైతదా?"



మర్నాడు తను రోగులకు సూదులేసిన వార్డులోనే అక్క మంచం పట్టింది. ఆ వార్డు దవాఖాన ఆవరణలో అన్నిటికన్నా చివర, గుట్ట వైపు ఉండేది. డ్యూటీ దిగాక రోజూ పోయేదాన్ని. వరండాలో స్టూలు ఎంత దూరంలో వేసుకోవాలో అక్కే చూపించేది. రోజూ సూది, పిడికెడు గోలీలు. ఆ గోలీలకు అన్నం సయించేది కాదు. అట్లా ఉన్న మనిషి ఒకనాడు నన్ను కూర్చోబెట్టి, "ఇప్పటిదాక నా కొంగు పట్టుకొని తిరిగినవ్. ఓడ ఎక్కేనాటికి ఒక్కదానివే తిరగడం రావాలె," అన్నది.

"ఎట్లొస్తది?"

"తిరిగితె వస్తది. ఐతారం హైదరాబాద్ పో. సికింద్రాబాద్ టేసన్‌కు తొవ్వ అడుగు, తెలిసినా అడుగు. హోటల్ల కూసొని తిను. మాపటికి వచ్చి నాకు చెప్పు."

నవ్వులాటకు అంటోంది అనుకున్నాను. నవ్వులాట కాదు.

ఆ ఆదివారం పోయాను. బస్సు దిగిన చోట నిలబడి, ఎవరిని అడగాలో తెలియక, గంటసేపు నీడలో నిలుచున్నాను. హోటలు ముందు రెండుసార్లు తిరిగాను. లోపల అందరూ మగవాళ్లే. గడప తొక్కలేకపోయాను. సాయంత్రం ఖాళీ కడుపుతో వార్డుకు వచ్చి నిలబడ్డాను. అక్క నా ముఖం చూసి, పక్కన మూతపెట్టి ఉన్న తన రొట్టెను కళ్లతో చూపించి, "నేను ముట్టలేదు. వంటామె తోని కొత్త గిన్నెల పెట్టించిన. తీస్కపో. వచ్చే ఐతారం మళ్ల పోవాలె," అన్నది.

మళ్లీ పోయాను. ఈసారి బిడ్డను ఎత్తుకున్న ఒక ఆమెను తొవ్వ అడిగాను. అట్లాంటివాళ్లనే అడగమని అక్క చెప్పింది. టేసన్ చూశాను. హోటల్లోకి పోయి, ఆడవాళ్లకని తెర కట్టిన గదిలో కూర్చున్నాను. పిల్లవాళ్లు తాగినట్టు నీళ్లు ఒక్క గుక్కలో తాగేశాను. వడ్డించే ఆయన ఎదుటి కుర్చీ ముందు కూడా ఒక గ్లాసు నీళ్లు పెట్టి, "ఇంకెవరొస్తున్నరమ్మా?" అని అడిగాడు. ఎవరూ రారని చెప్పాను. ఆయన ఆ గ్లాసు తీయడం మరిచిపోయాడు. పూరీలు వచ్చాయి. తిన్నాను. తింటున్నంతసేపూ ఆ గ్లాసు నా ఎదురుగానే ఉంది.

సాయంత్రం అక్కకు అంతా చెప్పాను, గ్లాసు సంగతి తప్ప. అక్క పరీక్ష పాసైన పిల్లను చూసినట్టు చూసింది. "ఏడ్పు రాలేదా?"

"వచ్చింది."

"నలుగురి ముంగట ఏడ్వకు. ఒంటరి పిల్ల ఏడుస్తాంది అంటె దొంగలు ఎంటబడ్తరు. స్నానాలగదిల ఏడ్చి, మొకం కడుక్కొని బయటికి రా."

ఎండలు ముదిరాయి. అక్క కొంచెం తేరుకున్నట్టే కనబడింది. బుగ్గలు నిండాయి. నాకు ఆశ పుట్టింది. ఓడ తారీఖు వచ్చినప్పుడు కూడా, అక్క వెనక నుంచి ఇంకో ఓడకు వస్తుంది, నేను ముందు పోయి గది చూసి పెడతాను అనుకున్నాను. ఆ మాట అక్కతో అంటే, "మంచి గాలి ఆడే గది చూడు," అన్నది.

ఒకనాడు మధ్యాహ్నం కేతేపల్లి నుంచి అక్క వాళ్ల అమ్మ క్వార్టరుకు వచ్చింది. చేతిలో రెండు బట్టసంచులు, రెండిటికీ విడివిడిగా మూతులు కుట్టి ఉన్నాయి. చెమట తుడుచుకుంటూ, "ఒకటి దానికి, ఒకటి నీకు. నువ్వుల ముద్దలు, కారప్పొడి, చింతకాయ తొక్కు. ఓడల కొట్లాడుకోవద్దని రెండు జేసిన. ఏది అది, డూటీల ఉన్నదా?" అన్నది.

అక్క ఇంటికి కబురు చేయలేదని అప్పుడు తెలిసింది. తగ్గినాక చెప్పొచ్చు అనుకున్నదేమో. నేను నీళ్లిచ్చాను. ఏమని చెప్పాలో తోచక, "రా అమ్మా, ఆడున్నది," అని వెంటబెట్టుకుని పోయాను. దారంతా ఆమె ఓడలో పొయ్యి ఉంటుందా, బియ్యం దొరుకుతాయా అని అడుగుతూనే ఉంది. వార్డు మెట్ల దగ్గరికి వచ్చి, వరసగా ఉన్న మంచాలు చూసి ఆగింది.

"ఇదేం జాగా బిడ్డా?"

అక్క లేచి కూర్చుంది. కొంగు నోటికి పెట్టుకుని, "అమ్మా, దగ్గరికి రాకు," అన్నది.

ఆ తల్లి వినలేదు. నేరుగా పోయి మంచం మీద కూర్చుని, కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. ఏడవలేదు. సంచి మూతికి వేసిన కుట్లు పళ్లతో తెంపి, ఒక నువ్వుల ముద్ద తీసి కూతురి చేతిలో పెట్టింది. అక్క దాన్ని పట్టుకునే ఉంది. తల్లి, "మరి ఎప్పుడు పోతవ్?" అని అడిగింది.

"ఈసారి చెల్లె పోతాంది. నేను మంచిగైనంక పోత."

తల్లి నా వైపు తిరిగింది. "అది లేకుంట నువ్వెట్ల పోతవ్ బిడ్డా?" అన్నది. నా మీద కోపం కాదు. నిజంగానే నా గురించి దిగులుపడి అడిగింది. అక్కే జవాబిచ్చింది. "పోతది అమ్మా. దానికి తొవ్వ అడుగుడు వచ్చింది."

ఆ తర్వాత ఎక్కువ రోజులు గడవలేదు. ఒక పొద్దున నేను కాన్పుల వార్డులో ఉండగా ఆయా పరుగెత్తుకొచ్చింది. నేను పోయేసరికి మంచం పక్కన నేల కడుగుతున్నారు. దగ్గులో రక్తం పడి, ఆగక, నర్సుల చేతుల మీదనే పోయిందట. కళ్లు ఎవరో మూసేశారు. నేను ఎంతోమందికి చేసిన పనే, దూది, బట్ట, నీళ్లు. ఆనాడు వేరేవాళ్లను చేయనివ్వలేదు. తల దువ్వి, నున్నగా జడ వేశాను.

కిరాయి లారీలో కేతేపల్లి తీసుకుపోయాం. దారిలో ఎండకు తారు మెత్తబడి టైర్లకు అంటుకుంటోంది. ఆ తల్లి కూతురి పాదాల దగ్గర కూర్చుని, లారీ గుంతలో పడ్డప్పుడల్లా ఆ పాదాలు గట్టిగా పట్టుకుంటోంది. కార్యం అయ్యాక నేను ఒక్కదాన్నే బస్సెక్కి నల్లగొండ వచ్చాను. గది తలుపు తీసి, కూర్చుని, దీపం పెట్టడం కూడా మరిచిపోయాను.

కబురు తెలిసి బాపు వచ్చాడు. రాత్రి వరండాలో పడుకుని, పొద్దున్నే చాయ తాగుతూ చెప్పాడు. "పోను అంటె ఇంటికి పోదాం. పోత అంటె రైలెక్కిస్త. ఏదైనా నేనేమనను బిడ్డా."

అక్క నన్ను అంత కష్టపడి నిలబెట్టి పోయింది, ఇంటికి పోతే ఆ కష్టం ఎక్కడ పెట్టుకోను? "పోత బాపూ," అన్నాను. బాపు గ్లాసు కింద పెట్టి, పెట్టె ఎత్తి చూశాడు. "ఇంత పెద్దది తీసుకున్నవేంది, సగం ఖాళీనే ఉన్నది," అన్నాడు. ఆయనకు తెలియదు. తన గొంగడి మడిచి ఆ ఖాళీలో పెట్టాడు.

బొంబాయి రేవులో, ఓడలో, ఇంగ్లండులో దిగినప్పుడు, ఎవరిని ఏమి అడగాలో అడిగాను. తప్పిపోలేదు. పాస్‌పోర్టు లోపావడాకు కుట్టుకున్న సంచిలో భద్రంగా ఉంది. అన్నీ సరిగ్గానే జరిగాయి. సరిగ్గా జరిగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి అక్కకు చెప్పబోయేదాన్ని. ఓడలో నా గదిలో ఉన్న మలయాళీ అమ్మాయి, నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు అని ఒకటి రెండుసార్లు అడిగింది. అక్కడ నాకిచ్చిన గది మంచి గాలి ఆడే గదే. నిద్ర మాత్రం చాలాకాలం పట్టలేదు.

కొన్నేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు కేతేపల్లి పోయాను. ఆ తల్లి వాకిట్లో కూర్చుని ఎండిన ఆముదపు కాయలు కొడుతోంది. నన్ను గుర్తుపట్టి, పక్కన పీట వేసింది. అక్కడ ఏం తింటారు, ఎట్లా ఉంటారు అని మెల్లగా అడిగింది. చెప్పాను.

"ఆడ బాగ సలి అంటరు గద?"

"బాగనే అమ్మా. మంచు పడ్తది. చేతులు మొద్దుబారి సూది కూడ పట్టరాదు."

ఆమె కొడుతున్న కట్టె ఆపింది. "నా బిడ్డకు సలి అస్సలు పడకపోవు. చిన్నప్పుడు పొయ్యికాడి నుంచి లేవకపోయేది," అన్నది. మళ్లీ కట్టె అందుకుని, "పోకుంటనే మంచిగైంది. అంత సలికి అది తట్టుకోకపోవు," అన్నది.

"అవునమ్మా," అన్నాను. చాటను దగ్గరికి లాక్కుని, పొట్టులోంచి ఆముదపు గింజలు ఏరడం మొదలుపెట్టాను.