కరివేపాకు కుండీలో కాగితాలు

ఈ ఉదయం బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్లు పోస్తుంటే తడి కాగితం వాసన వచ్చింది. నా పేరున వచ్చిన పాత ఉత్తరాలు కొన్ని నిన్న బకెట్లో నానబెట్టి, ముద్దగా పిసికి, మట్టిలో కలిపాను. ఆ వాసనలో గొప్పేమీ లేదు. వానలో తడిసిన బడి సంచీ వాసనలాంటిది. కానీ అది ముక్కుకు తగిలితే చాలు, నాకు మా పక్కింటి ఆవిడ గుర్తొస్తుంది. ఈ మొక్క ఆమె కుండీలోంచి లేచిన పిలకే. కాగితాలు ఇలా మట్టిలో కలపడం కూడా ఆమె నేర్పిందే. ఆమెను మీకు నరసమ్మ ఆంటీ అని పరిచయం చేస్తాను.

సిడ్నీ శివారు టూంగాబీలో మా రెండు గుమ్మాలూ ఎదురెదురుగా ఉండేవి. నేను ఖమ్మం నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో ఆమె ఒక గిన్నెలో ఉడికించిన కసావా, అదే మన కర్రపెండలం దుంపలు, కొబ్బరి పచ్చడి పట్టుకొచ్చింది. తెలుగు మాట వినబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె ఫిజీ తెలుగు మనిషి. ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లాడట. ఆంధ్రదేశం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె తెలుగు ఆమె ఇంట్లో నేర్చుకున్న తెలుగు, అంతే. నేను మన అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. పిల్లలెందరు, అంకుల్ ఏం చేస్తారు, ఇల్లు సొంతమా అద్దెకా, అసలు ఇంటిపేరేమిటి అని. ఆమె దేనికీ జవాబు చెప్పలేదు. "ముందు దుంప తిను, సల్లారిపోద్ది. అయ్యన్నీ నీకెందుకమ్మా?" అంది నవ్వుతూ. కోపంగా అన్నది కాదు. నిజంగానే ఎందుకో తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. ఈవిడకి కాస్త పొగరు అనుకున్నాను.

అది పొగరు కాదని తెలియడానికి ఏడాది పట్టింది. ఆమె వయసులో ఉండగా ఫిజీలో ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. సిడ్నీ వచ్చాక రిటైరయ్యేదాకా ఒక ఆస్పత్రి స్విచ్‌బోర్డులో పనిచేసింది. ఊరందరి మాటలూ తన చెవుల మీదుగా పోతుంటే వినకుండా ఉండటమే ఆమె ఉద్యోగం. ఎలా ఆంటీ, వినబడదా అని అడిగితే, "వినబడద్ది. అందుకే లైను కలిపి తీగ తీసెయ్యాల. నీ పని కలపడం వరకే" అంది. నేను పెద్ద తెలివైనదానిలా, ఈ కాలంలో అవన్నీ కుదరవు ఆంటీ, డేటా అంటే బంగారం అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "ఎవుడి బంగారం?" అని అడిగి, కరివేపాకు దూసుకుంటూ కూచుంది.

ఇంతలో వైరస్ రోజులొచ్చాయి. మా తెలుగువాళ్లు నెలకోసారి ఆదివారం భోజనాలకు ఒక హాలు అద్దెకు తీసుకునేవారు. హాలుకు వచ్చినవాళ్ల పేరు, ఫోను నంబరు రాసుకోవాలన్నది అప్పటి నియమం. ఆ పని నా నెత్తిన పడింది. మొదట్లో పెద్దవాళ్ల కోసం కాగితం మీద, తర్వాత అందరికీ ఫోన్లో నింపే ఫారంగా తయారుచేశాను. రెండు గళ్లతో ఆగితే నేను ఇంజనీరును ఎలా అవుతాను? పుట్టినరోజు, సొంత జిల్లా, ఉంటున్న వీధి, ఏ వీసా మీద ఉన్నారు అన్నీ అడిగాను. ఉగాదికి పంతులుగారు పూజ చేస్తారు కదా అని గోత్రం, నక్షత్రం కూడా పెట్టాను. మనవాళ్లు బంగారంలాంటి మనుషులు, ఒక్కరైనా ఎందుకని అడగలేదు. అడిగిన గళ్లన్నీ నింపారు, అడగని పిల్లల వివరాలు కూడా చేర్చారు. ఫారం అడుగున "ఈ వివరాలు నెల తర్వాత తీసేస్తాం" అని నేనే రాశాను. తీసెయ్యలేదు. ఎప్పటికైనా పనికొస్తాయి కదా అనుకున్నాను.

ఏడాది గడిచాక పనికొచ్చాయి కూడా. ఎవరి పుట్టినరోజుకు వాళ్లకు పొద్దున్నే శుభాకాంక్షలు దానంతటదే వెళ్లేలా ప్రోగ్రాం రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక రోజు తలుపు చప్పుడైతే తీశాను. నరసమ్మ ఆంటీ ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"నా పుట్టినరోజు నీకెవరు సెప్పారు?"

"మీరే కదా ఆంటీ, హాల్లో ఫారం ఫిల్ చేశారు."

"జబ్బు ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో తెలవడానికి ఇచ్చాను. నెలకి తీసేత్తానని రాశావు. నేను సదువుకుని మరీ ఇచ్చాను."

నేను నవ్వేయబోయాను. ఆమె నవ్వలేదు. అందరివీ ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. మూడు వందల నలభై మందివి. ఆమె "తీసెయ్యమ్మా. ఇయ్యాలే తీసెయ్" అని వెళ్లిపోయింది. ఈ వీకెండ్ తీసేస్తా ఆంటీ అని వెనక నుంచి కేకేశాను. ఆ వీకెండ్ రాలేదు. నాకు నిజానికి ఆ జాబితా మీద మమకారం. నా చేత్తో కట్టుకున్నది కదా!

ఆ తర్వాత రెండో ఆదివారం మధ్యాహ్నం భోజనాలు ముగుస్తుండగా హాలుకు ఒక ప్రభుత్వ అధికారి వచ్చాడు. ఏ శాఖో ఇక్కడ చెప్పను. చాలా మర్యాదస్తుడు, కార్డు చూపించాడు, పాయసం కూడా తిన్నాడు. ఒక మనిషి కోసం వెతుకుతున్నాడట. గత ఏడాదిగా ఈ హాలుకు వచ్చినవారి జాబితా ఇస్తే అందరికీ శ్రమ తప్పుతుందన్నాడు. ఉత్తరాలూ అవీ ఎందుకు, మామూలుగా ఈమెయిల్లో పంపితే చాలన్నాడు. వెళ్లబోతూ, "మీరు కూడా వీసా మీదే ఉన్నారా?" అని అడిగాడు. మాటవరసకు అడిగాడో, ఇంకెందుకు అడిగాడో నాకు ఈ రోజుకీ తెలియదు. నా పీఆర్, అంటే పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు వేసి అప్పటికి పదకొండు నెలలు. రేపు పంపిస్తానని చెప్పేశాను.

మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే స్థిరపడిన డాక్టరుగారు. ఆయనకు ఫోన్ చేస్తే, "ఇచ్చెయ్యమ్మా, వై మేక్ ఇట్ ఎ బిగ్ ఇష్యూ? మనం తప్పు చేసినవాళ్లం కాదు కదా, భయమెందుకు? పైగా నీ పీఆర్ పెండింగ్‌లో ఉంది, అది చూసుకో" అన్నారు. నా మంచి కోరే అన్నారు. నాకూ ఆ మాటే కావాలి.

మర్నాడు పొద్దున ఫైలు జతచేసి ఈమెయిల్ రాసి పెట్టుకున్నాను. ఇక నొక్కడమే తరువాయి. అప్పుడే ఆంటీ కరివేపాకు తెచ్చి ఇచ్చింది. ఆమె హాల్లో అంతా చూసింది కాబట్టి దాచడం నా వల్ల కాలేదు, చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూచుని, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది.

ఫిజీలో సైన్యం తిరగబడి ప్రభుత్వం తలకిందులైన ఏడు అది. అప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్లు. ట్రంకు కాల్ కలిపినప్పుడల్లా ఆపరేటర్లు ఒక చీటీ రాసేవారు. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎన్ని నిమిషాలు అని. మాటలేవీ ఉండవు. ఒక రోజు ఒక పెద్దమనిషి వచ్చి ఒక నంబరు తాలూకు చీటీలు అడిగాడు. చేతిలో ఉత్తరువేమీ లేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"ఏరి ఇవ్వాలంటే గంట పట్టుద్ది. కట్ట మొత్తం ఇచ్చేసినాను" అంది ఆంటీ. "మాటలు లేవు కదా, అంకెలే కదా అనుకున్నాను. ఆ కట్టలో మా పక్కింటి మేస్టారి చీటీలున్నాయి. ఆయన వేరే ఊళ్లో చెల్లెలికి నెలలు నిండాయని రోజూ ఫోను చేసేవాడు. రోజూ అదే నంబరుకి ఎందుకు చేస్తున్నావని పట్టుకుపోయారు. తొమ్మిది రోజులు ఉంచారు."

"తర్వాత?"

"వచ్చాడు. చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఆయన నాతో మళ్లీ మాటాడలేదు. గోడవతల ఉంటాడు, ముఖం తిప్పుకుంటాడు. ఇప్పుడు ఆయన లేడు. తప్పయిందని చెబుదామంటే మనిషి లేడు."

ఆమె కళ్ల వెంట నీళ్లు రాలేదు. చేతిలోని కరివేపాకు రెమ్మను ఒక్కొక్క ఆకూ తుంచుతూ ఉంది. నా కళ్లే చెమ్మగిల్లాయి. అయితే ఇప్పుడే అంతా డిలీట్ చేసేస్తానన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తప్పు. అడక్కముందు తీసెయ్యాల. అడిగినాక తీసేత్తే అది దొంగతనం. ఇప్పుడు ముట్టుకోకు. అతనికి అడిగే హక్కుందో లేదో అడుగు. కాయితం తెమ్మను. కాయితంలో ఏముంటే అదే ఇయ్యి, గింజ ఎక్కువ ఇవ్వకు."

ఆ ఈమెయిల్ చెరిపి ఇంకొకటి రాశాను. నాలుగు వాక్యాలు రాయడానికి రెండు గంటలు పట్టింది. మీకు సాయం చేయడానికి అభ్యంతరం లేదు, ఏ చట్టం కింద ఏం కావాలో రాతపూర్వకంగా పంపండి, అందులో అడిగినంత ఇస్తాం అని. ఆంటీ నా వెనకే నిలబడి, "ఏటంటాడు? కాయితం తెత్తానంటాడు. తెచ్చుకోనీ" అంది. డాక్టరుగారు వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. మెయిల్ వచ్చిన చప్పుడైతే చాలు, చేస్తున్న పని వదిలి ఫోను తీసేదాన్ని. వీసా తిరస్కరిస్తే సామాను ఎవరికివ్వాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆ రోజుల్లో ఆంటీ ప్రతి సాయంత్రం వచ్చి, ఏమీ అడగకుండా టీ తాగి వెళ్లేది.

అయిదు వారాలకు ఉత్తరం వచ్చింది. పద్ధతి ప్రకారం, ముద్రతో, ఏ చట్టంలో ఏ సెక్షనో రాసి. అడిగింది ఒకే ఒక్క పేరు, ఒకే ఒక్క తేదీ. ఈ మనిషి ఆ రోజు మీ హాలుకు వచ్చారా? చూశాను. ఆ పేరు మా జాబితాలో ఎక్కడా లేదు. అదే రాసి పంపాము. అందిందని, ఇక అవసరం లేదని జవాబు కూడా వచ్చింది. లేని ఒక్క మనిషి కోసం నేను మూడు వందల నలభై మందిని వీధి పేర్లతో సహా ఒక్క నొక్కుడుతో పంపించి ఉండేదాన్ని. ఆ ఉత్తరాన్ని డాక్టరుగారు రెండుసార్లు చదివారు. "నా పేరు కూడా ఉంది కదమ్మా ఆ జాబితాలో" అన్నారు చివరికి.

ఆ శనివారమే కంప్యూటర్లోవన్నీ చెరిపేశాను. కాగితం జాబితాలు ఆంటీ బకెట్లో నానబెట్టింది. ఇద్దరం పెరట్లో పీటలేసుకుని పిసికాము. సిరా కరిగి నీళ్లు నీలంగా తేలాయి. ముద్దంతా కరివేపాకు కుండీల్లో వేసింది. "మీకు నేనేమైనా చెయ్యగలనా ఆంటీ?" అని అడిగాను. ఏమనాలో తెలియక అలా అడిగాను. ఆమె చేతులు కడుక్కుంటూ, "సేసినావు కదా. నేను సెయ్యలేంది నువ్వు సేసినావు" అంది. నా జీవితంలో నాకు దొరికిన మెప్పుల్లో అంతకు మించింది లేదు. పీఆర్ ఆ తర్వాత ఏడు నెలలకు వచ్చింది. ఆలస్యానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఇప్పుడు నేను పనిచేసేచోట కొత్త ఫారం ఏదైనా నా టేబుల్ మీదికి వస్తే ప్రతి గడి దగ్గరా రెండే ప్రశ్నలు వేస్తాను. ఎందుకు? ఎన్నాళ్లు? జవాబు లేని గడి కొట్టేస్తాను. నేను మీటింగుకు వస్తున్నానంటే గళ్లు వాటంతటవే రాలిపోతాయని మా వాళ్లు ఏడిపిస్తారు. ఆడిపోసుకునేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ పేరు రావడం ఇష్టమే. నన్ను ఇంజనీరును చేసింది కాలేజీ అయితే, ఆ ఇంజనీరుకు సిగ్గూ లజ్జా నేర్పింది ఆమె.

పోయిన జూలైలో, ఇక్కడి చలికాలంలో, ఆంటీ వెళ్లిపోయింది. నిద్రలోనే. పదిరోజుల తర్వాత ఆమె కూతురు ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. "అమ్మ పాస్‌కోడ్ రాసిపెట్టింది. ఫోటోస్ నాకు కావాలి. కెన్ యూ డూ ఇట్? నేను చూడలేను" అంది. ఫోను తెరిచాను. ఫోటోలు కాపీ అవుతున్నంతసేపూ పక్కనే మెసేజీలున్నాయి, నోట్సున్నాయి. ఆ మేస్టారుగారికి ఎప్పుడైనా ఏమైనా రాసుకుందేమో అనిపించింది. చూసినా ఎవరికీ తెలిసేది కాదు. ఫోటోలు చేరాయని చూసుకుని, కూతుర్ని అడిగి, మిగతాదంతా తెరవకుండా తుడిచేసి ఫోను ఇచ్చేశాను. లైను కలిపాను, తీగ తీసేశాను.

ఆమెను ఎన్నడూ చూడని మీకు ఆమె గురించి ఇంత చెప్పాను కాబట్టి ఇంకొక్క మాట చెప్పాలి. ఇలా రాసుకుంటానని ఆమె బతికుండగానే అడిగాను. మేస్టారి సంగతి రాయమంది, నలుగురికీ తెలియాలంది. ఆ పైన ఎప్పటిలాగే, "నా పేరు వాళ్లకెందుకు?" అంది. అందుకే ఆమె పేరు నరసమ్మ కాదు. అసలు పేరు నాకు తెలుసు. అది నా దగ్గరే ఉంటుంది.